అద్దం ఎడమ మూలన చెయ్యి

నేను హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. కొయ్యూరు మండలంలో ఒక కొండ ఊరి బడి. స్టోరు గదిలో ఎవరో తిరుగుతున్నారని ఒకసారి పిల్లలు భయపడితే, వాళ్ళను వెంటబెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి, పైకప్పు రేకు ఎండకి వేడెక్కి చల్లారేటప్పుడు చేసే చప్పుడు వినిపించిన మనిషిని. దెయ్యాల మీద, ఆత్మల మీద నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్నాను కాబట్టి ఇప్పుడు కొత్తగా నమ్మకం కుదిరిందని ఎవరూ అనుకోవద్దు. మా బండి విషయంలో జరిగింది జరిగినట్టు చెబుతాను. అందులో సగానికి నా దగ్గర సమాధానం ఉంది. మిగతా సగానికి లేదు.

మా ఇల్లు నర్సీపట్నంలో. మా ఆయన నూకరాజుకి మార్కెట్లో ఎరువుల దుకాణం ఉంది. మాకున్నది పాత డీజిల్ బండి. ఏడుగురు కూర్చోవాల్సిన దాంట్లో పదిమంది కూర్చుని పెళ్ళిళ్ళకు వెళ్ళిన రోజులున్నాయి. మా మామగారు కొన్నది. ఆయన పోయాక అది మా అత్తగారి బండి అయిపోయింది.

మా అత్తగారి పేరు అప్పలనరసమ్మ. ఆవిడ ఎప్పుడూ స్టీరింగ్ ముట్టుకోలేదు. కానీ ముందు ఎడమ సీటు ఆవిడది. ఎవరు నడిపినా ఎక్కడ ఆగాలి, ఎవరిని ఎక్కించుకోవాలి, అద్దాలు ఎంతవరకు దించాలి అన్నీ ఆవిడే చెప్పేవారు. ఆవిడ ఎక్కితే బండి నిండా మాటలే.

నాకు బండి నేర్పించింది కూడా ఆవిడే. కొండ మీద బడికి నాకు బదిలీ అయినప్పుడు రోజూ బస్సు కోసం రోడ్డు మీద నిలబడేదాన్ని. బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఒకరోజు ఆవిడ మా ఆయన ముందే అన్నారు.

"ఇంట్లో బండుంది. కోడలికి సేతులున్నాయి, కల్లున్నాయి. బేగి నేర్సుకోమను. పక్కన నేను కూకుంటాను."

ఆడవాళ్ళకు ఘాట్ రోడ్డు కష్టమని మా ఆయన నసిగారు. ఆవిడ వినలేదు. నేను నేర్చుకున్నన్నాళ్ళూ పక్క సీట్లో కూర్చున్నారు. తర్వాత కూడా, వీలైనప్పుడల్లా నాతో కొండెక్కేవారు. నేను బడిలో ఉంటే ఆవిడ సంతకు వెళ్ళి పసుపు, చింతపండు బేరమాడి, తెలిసినవాళ్ళ అరుగు మీద కబుర్లు చెప్పుకుని, సాయంత్రం నాతో దిగేవారు.

రెండేళ్ళ క్రితం ఆవిడ గుండెపోటుతో పోయారు. ఆ సీట్లో ఇప్పుడు పార్వతి కూర్చుంటుంది. పార్వతి మా బడిలోనే తెలుగు టీచరు. కొయ్యూరు పక్క కొండ ఊరి అమ్మాయే. పిల్లల చదువు కోసం నర్సీపట్నంలో కాపురం ఉంటూ రోజూ నాతో వస్తుంది.

ఇక బండి సంగతి. వానాకాలం వెళ్ళిపోతున్న రోజుల్లో ఒకసారి బానెట్ ఎత్తి చూస్తే, కూలెంట్ ఉండే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు కింది గీత కంటే తగ్గిపోయి ఉన్నాయి. ఇంజన్ని చల్లగా ఉంచే పచ్చటి ద్రవం అది. పాత బండి కదా అని పోశాను. కొన్నాళ్ళకు మళ్ళీ తగ్గింది. మళ్ళీ పోశాను. మళ్ళీ తగ్గింది.

కారుతుంటే కింద తడి ఉండాలి. బండి పెట్టే చోట పాత అట్టపెట్టెలు విప్పి పరిచాను. పొద్దున్న చూస్తే పొడిగా ఉన్నాయి. బానెట్ కింద పైపులన్నీ చేత్తో తడిమి చూశాను. ఎక్కడా తడి లేదు.

మా బండి ఎప్పుడూ చూసే మెకానిక్ అప్పారావు మంచివాడే, పనిమంతుడే. రేడియేటర్ మూత మార్చాడు. ఒక పైపు మెత్తబడిందని అదీ మార్చాడు. రేడియేటర్ విప్పి బాగు చేయించి తెచ్చాడు. నీళ్ళు మాత్రం మామూలుగానే తగ్గుతూ వచ్చాయి. చివరికి అతను చేతులు తుడుచుకుంటూ, బయట ఎక్కడా లేదు కాబట్టి ఇంజనే లోపల తాగేస్తోందని తేల్చేశాడు. ఇంజను తల, అంటే పై భాగం, విప్పాలన్నాడు. ఇంత పాత ఇంజన్ విప్పితే మళ్ళీ సరిగా కూర్చుంటుందన్న మాట తను ఇవ్వలేనని కూడా అన్నాడు.

నాకు ఎందుకో ఆ మాట మింగుడుపడలేదు. ఇంజన్ లోపల నీళ్ళు కాలుతుంటే వెనక తెల్లటి పొగ రావాలి. రావటం లేదు. ఆయిల్లో నీళ్ళు కలిస్తే అది మజ్జిగలా తెల్లబడాలి. ఆయిల్ మూత విప్పి వేలితో చూశాను, నల్లగా శుభ్రంగా ఉంది. నీళ్ళు గాల్లో మాయమైపోవు. ఎక్కడికో పోతున్నాయి. ఎక్కడికో మాకు కనపడటం లేదు, అంతే.

ఈలోగా ఒక పొద్దున్న ఘాట్ రోడ్డు ఎక్కుడులో ఉండగా టెంపరేచర్ ముల్లు మెల్లగా ఎరుపు వైపు జరగడం చూశాను. వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేశాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. పార్వతి తన సీసాలో నీళ్ళు పోద్దామని దిగింది కానీ, వేడి మీద మూత తీస్తే ముఖం కాలిపోతుందని నేను ఆపాను. పక్క పొలంలో పనిచేసుకుంటున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి బిందెతో నీళ్ళు తెచ్చి పెట్టారు. ఇంజన్ చల్లారేదాకా అందరం రోడ్డు పక్కన కూర్చున్నాం.

అటుగా వెళ్తున్న లారీ ఆయన ఆగి, ఏమైందని అడిగాడు. చెప్పాను. అతను నన్ను చూసి, స్టీరింగ్ చూసి, నవ్వాడు.

"ఆడోలు గేరు మార్సకుండా లాగితే ఇంజను ఏటవుద్ది మరి."

పార్వతి ఏదో అనబోయింది. వద్దని సైగ చేశాను. కానీ ఆ మాట నాలో దిగిపోయింది. ఎందుకంటే ఇంట్లో కూడా గాలి అటే తిరుగుతోంది. మా ఆయన నోటితో అనలేదు. కానీ రోజూ ఘాట్ ఎక్కి దిగితే పాత ఇంజన్ ఏం తట్టుకుంటుందని చుట్టాల దగ్గర అనడం నా చెవిన పడింది.

ఆవిరి లేచిన సంగతి తెలిసిన రోజునే ఆయన భయపడ్డారు. ఘాట్లో ఇంకోసారి ఇలా అయితే, వంపులో ఆగిపోతే, వెనక నుంచి ఏ లారీయో వస్తే? అందులో తప్పేమీ లేదు. రోలుగుంట వైపు కోళ్ళ ఫారం ఉన్న పెద్దమనిషి ఒకాయన దాణా మోసుకోడానికి పాత బండి వెతుకుతున్నాడని తెలిసి, ఆయనతో మాట్లాడేశారు. వచ్చే ఆదివారం ఆయన బండి తీసుకెళ్ళేట్టు ఒప్పందం. అప్పటిదాకా బండి నా దగ్గరే ఉంచమని మాత్రం అడిగాను. ఈ వారం కొండెక్కాలా అని అడిగారు. డబ్బా నిండా పోసుకుని, నీళ్ళ క్యాను పెట్టుకుని, ముల్లు మీద కన్నేసి వెళ్తానన్నాను. ఆ బండి పోతే మళ్ళీ నేను రోడ్డు మీద బస్సు కోసం నిలబడటమే.

అప్పుడు చలికాలం. కొండల మీద పొద్దుట మంచు దట్టంగా ఉంటుంది, ఎండ వచ్చినా తొందరగా విడవదు. ఆ వారం మధ్యలో ఒక పొద్దున్న, ఎక్కుడు సగం దాటాక ముందు అద్దం లోపలి వైపు పొగలా మసకబారింది. నేను నా ఎదుట గుడ్డతో తుడుచుకుంటూ నడుపుతున్నాను. పార్వతి అద్దం ఎడమ మూలకేసి చూస్తోంది.

"మేడమ్, ఇక్కడ ఎవరు చెయ్యి పెట్టారు?"

తనే పెట్టి ఉంటుందిలే అన్నాను. లేదంది. అయితే తుడిచెయ్యమన్నాను. తుడిచింది. రెండు వంపులు తిరిగేసరికి మళ్ళీ కనిపించింది. ఈసారి నేనే బండి పక్కకి తీసి ఆపాను.

అద్దమంతా మసక. ఎడమ మూలన, కింది అంచుకు దగ్గరగా, చెయ్యి ఆకారంలో మసక లేని చోటు. అరచెయ్యి, నాలుగు వేళ్ళు, బొటనవేలు. చిన్న చెయ్యి, ఎడమ చెయ్యి. అందులోంచి బయట చెట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. చిటికెన వేలు మిగతా వేళ్ళ పక్కన నిటారుగా లేదు. మధ్య కణుపు దగ్గర బయటకు వంగి, పక్కకు తిరిగి ఉంది.

మా అత్తగారికి చిన్నతనంలో ఎడమ చేతి చిటికెన వేలు విరిగి, సరిగా అతుక్కోక, అచ్చం అలాగే బయటకు వంగి ఉండేది. గాజులు తొడిగేటప్పుడు గాజులమ్మే ఆవిడకు ఆ వేలు ప్రతిసారీ అడ్డమొచ్చేది. పార్వతి మా అత్తగారిని ఒకటి రెండుసార్లే చూసింది. ఆ వేలి సంగతి తనకు తెలియదు. నేను చెప్పలేదు కూడా. ఫోటో తియ్యమన్నాను. తీసింది.

నా బుర్రలో వెంటనే వచ్చిన సమాధానం మామూలుదే. అద్దం మీద ఎప్పుడో జిడ్డు చేత్తో ముద్ర పడి ఉంటే, తుడిచినా పూర్తిగా పోదు. మంచు పట్టినప్పుడల్లా అదే బయటపడుతుంది. స్నానాల గదిలో అద్దం మీద పిల్లలు రాసిన రాతలు ఇలాగే తిరిగి వస్తాయి. ఇది మా అత్తగారు ఎన్నడో పెట్టిన చెయ్యి. అందులో వింతేముంది, మనసు కొంచెం బరువెక్కిందంతే. అలా అనుకుని బడికి వెళ్ళి పాఠాలు చెప్పుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి ఫోటో మా ఆయనకు చూపించాను. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. నా జిడ్డు సిద్ధాంతం వివరించాను. అంతా విని నెమ్మదిగా అన్నారు.

"ఆ గాజు కొత్తది కదే. అమ్మ పోయాక వేయించాం."

నిజమే. నేను మరిచేపోయాను. రోలుగుంట రోడ్డులో ముందు వెళ్తున్న లారీ టైరు కింద నుంచి రాయి ఎగిరి అద్దం సాంతం బీటలు వారింది. అది మా అత్తగారి సంవత్సరీకం కూడా అయిపోయాక. కొత్తది బిగించినప్పటి కాగితం ముక్క ఇంకా పై మూలన అంటుకునే ఉంది. ఆవిడ ఆ గాజును చూడనైనా లేదు.

బిగించినవాళ్ళ చెయ్యి అయి ఉంటుందన్నాను. అయ్యుండొచ్చన్నారాయన. ఇద్దరం కలిసి ఆ అద్దాన్ని లోపలి వైపు షాంపూ నీళ్ళతో కడిగాం. పాత పేపర్లతో మెరిసేలా తుడిచాం. గుడ్డకి పల్చటి జిడ్డు లాంటిది అంటింది. ఎక్కడి జిడ్డో అర్థం కాలేదు. ఇంకోసారి కడిగాం. వెలుతురుకి అటు ఇటు వంగి చూస్తే మచ్చ కూడా లేదు.

మర్నాడు పొద్దున్న దుకాణం తలుపులు తీసే పని కుర్రాడికి అప్పజెప్పి మా ఆయన నాతో బయలుదేరారు. ముందు ఎడమ సీట్లో కూర్చున్నారు. పార్వతి వెనక కూర్చుంది. దారంతా ఆయన కాళ్ళ మీద చేతులు పెట్టుకునే ఉన్నారు. అద్దం ముట్టుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

ఎక్కుడులో మంచు మొదలయ్యాక అద్దం మసకబారింది. ముందు ఆ మూలన. తర్వాత మెల్లగా నా వైపుకి. మసక చిక్కబడుతున్న కొద్దీ, అదే చోట ఆ చెయ్యి తేలింది. ముందు అరచెయ్యి, ఆ తర్వాత వేళ్ళు. ఆఖరున ఆ వంకర చిటికెన వేలు.

నేను బండి ఆపాను. ఆయన దాన్ని తుడవలేదు. సీట్లో వెనక్కి ఆనుకుని చూస్తూ ఉండిపోయారు.

"అమ్మ సెయ్యే," అన్నారు.

ఆయన దుకాణంలో, నలుగురిలో ఉన్నప్పుడు కొంచెం సర్దుకుని మాట్లాడతారు. ఆ మాట మాత్రం వాళ్ళమ్మ మాట్లాడినట్టే వచ్చింది. ఎప్పుడూ లేనిది నాకు కూడా ఒళ్ళు జలదరించింది. భయం కాదు. ఎవరో మన పేరు పిలిస్తే వెనక్కి తిరుగుతాం చూడండి, అలాంటిది.

నేను దిగి ఆ పక్కకు వెళ్ళాను. ఆయన దిగారు. నేను ఆ సీట్లో కూర్చుని, ఆ ముద్ర మీద నా ఎడమ చెయ్యి ఆనించాను. నా చెయ్యి పెద్దది. వేళ్ళు ముద్ర దాటి వెళ్ళాయి. బయట చలికి మిగతా గాజంతా ఐసులా ఉంది. నా అరచేతి కింద మాత్రం వెచ్చగా ఉంది.

ఆ వెచ్చదనం తగలగానే నాకు ఒక దృశ్యం గుర్తొచ్చింది. మా అత్తగారికి చలికాలంలో వేళ్ళ కణుపులు నొప్పి పుట్టేవి. కొండెక్కేటప్పుడు హీటర్ వెయ్యమనేవారు. అద్దం కింద సందులోంచి వేడిగాలి వస్తే, సరిగ్గా ఆ మూలన ఎడమ చెయ్యి ఆనించి కాచుకునేవారు. నా చెయ్యి కూడా లాగి పెట్టించేవారు.

"ఇక్కడ పెట్టి సూడు. పొయ్యి కాడ కూకున్నట్టుంది."

ఆవిడ పోయాక ఆ హీటర్ ఎవరూ వెయ్యలేదు. నర్సీపట్నం ఎండల్లో బండికి హీటర్ ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. నాకు గుర్తులేదు. అప్పారావుకీ గుర్తులేదు.

నేను హీటర్ మీట వైపు చూశాను. ఆపేసే ఉంది. మరి గాజు ఎందుకు వెచ్చగా ఉంది? అప్పుడు నా వృత్తి నాకు పనికొచ్చింది. హీటర్ అంటే వేరే పొయ్యి ఏమీ కాదు. ఇంజన్లో కాగిన కూలెంటే ఒక పైపు గుండా లోపలికి వచ్చి, డాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటర్ లాంటి దాంట్లో తిరిగి, ఇంకో పైపు గుండా వెనక్కి పోతుంది. పాత బండ్లలో మీట ఆపినా ఆగేది గాలే, నీళ్ళు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. అంటే మేమింతకాలం వెతుకుతున్న నీళ్ళు బానెట్ కిందే లేవు. మనుషులు కూర్చునే చోట, ఈ సీటు ఎదురుగా కూడా ఉన్నాయి. అక్కడ మాత్రం మేమెవ్వరం చూడలేదు.

మా ఆయన్ని ఆ సీటు ముందున్న రబ్బరు మ్యాటు ఎత్తమన్నాను. ఎత్తారు. పైన పొడిగానే ఉంది. దాని కింద కార్పెట్, కార్పెట్ కింద మందపాటి స్పాంజి. ఆయన వేళ్ళు పెట్టి నొక్కారు. స్పాంజిలోంచి పచ్చటి నీళ్ళు ఉబికి వచ్చాయి.

"ఏటిది, బెల్లం వాసనేస్తంది," అన్నారు, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని.

కూలెంట్‌ది తియ్యటి వాసన. ఆ తియ్యటి వాసన మా బండిలో నెలల తరబడి వస్తూనే ఉంది. దారి పొడుగునా చెరుకు బళ్ళు, బెల్లం వండే పాకలు. వాసన అక్కడి నుంచే వస్తోందని ముగ్గురం అనుకున్నాం. అద్దానికి పట్టిన జిడ్డు కూడా అదే. హీటర్లోంచి కొంచెం కొంచెంగా ఆవిరై గాజు మీద పేరుకుంటోంది. మిగతాది చుక్క చుక్కగా స్పాంజిలోకి దిగుతోంది. స్పాంజి దాన్ని తాగి దాచేసుకుంటోంది. నేల మీద అట్టపెట్టెలు పరిస్తే ఎలా తెలుస్తుంది?

ఆ రోడ్డు పక్కన నేను పెద్దగా నవ్వేశాను. పార్వతి నా చెయ్యి పట్టుకుని, దొరికిందా మేడమ్ అని అడిగింది. దొరికిందన్నాను.

ఆదివారం ఉదయం బండి అప్పారావు షెడ్డుకి తీసుకెళ్ళాం. అతను స్పాంజి చూసి, అది వాననీరని, తలుపు రబ్బరు సందులోంచి దిగి ఉంటుందని అన్నాడు. తెల్లటి చేతిరుమాలు అందులో అద్ది చూపించాను. పచ్చగా, జారుడుగా, తియ్యటి వాసనతో ఉంది. అయినా అతని ముఖంలో అనుమానం పోలేదు. అతన్ని తప్పు పట్టను. ఇంజనే తాగేస్తోందని షెడ్డులో నలుగురి ముందూ చెప్పి ఉన్నాడు.

"పరీక్ష పెడదాం," అన్నాను.

రేడియేటర్ మూత చోట బిగించే చేతి పంపు ఒకటి ఉంటుంది. దాంతో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే లోపల ఒత్తిడి పెంచవచ్చు. ఎక్కడైనా చిల్లు ఉంటే పంపు మీది ముల్లు పడిపోతుంది. అతను కొట్టాడు. ముల్లు లేచి నిలబడి, చూస్తుండగానే మెల్లగా దిగింది.

ఇప్పుడు హీటర్‌కి పోయే రెండు పైపులనూ ఇంజన్ దగ్గరే నొక్కిపెట్టి కట్టెయ్యమన్నాను. అతను నా వైపొకసారి చూసి, పట్టకారులు తెచ్చి రెంటినీ బిగించాడు. మళ్ళీ పంపు కొట్టాడు. ముల్లు లేచింది. నిలబడింది. షెడ్డులో ఉన్నవాళ్ళంతా పని ఆపి చుట్టూ చేరారు. అతను టీ తెప్పించాడు. టీ తాగి వచ్చి చూశాం. ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

పట్టకారులు తీయించాను. ముల్లు దిగింది. ఇంజన్ లోపల తాగుతుంటే, హీటర్ పైపులు మూసినా ముల్లు పడాలి. పడలేదు. అంటే ఇంజన్ నిక్షేపంలా ఉంది.

అప్పారావు కాసేపు ఆ ముల్లునే చూసి తల పంకించాడు.

"ఒప్పేసుకున్నాను మేడమ్. ఇంజన్‌కి ఏటీ నేదు. హీటరే."

సరిగ్గా అప్పుడే రోలుగుంట పెద్దమనిషి మా ఇంటికి వెళ్ళి, అక్కడ మేం లేమని తెలుసుకుని షెడ్డుకి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, తాళాలిస్తే తోలుకుపోతానన్నాడు. నేను మా ఆయన వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టుంటుందని.

మా ఆయన ఆయనకు నమస్కారం పెట్టి, "ఏమనుకోకండి. బండి అమ్మడం లేదు. మా ఆవిడ బాగు చేసింది," అన్నారు.

షెడ్డు నిండా మనుషులున్నారు. అందరికీ వినపడేలా అన్నారు. నాకు బడిలో ఇచ్చిన శాలువాలు, జ్ఞాపికలు కొన్ని ఉన్నాయి. అవేవీ ఈ మాటకు సరిపోవు.

ఆ రోజుకి అప్పారావు హీటర్‌ని పక్కన పెట్టి, రెండు పైపులనూ ఒకదానికొకటి కలిపేశాడు. మర్నాడు వెనక సీట్లలో మా బడి టీచర్లందరినీ, మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు రెంటినీ వేసుకుని ఎక్కుడు ఎక్కాను. కావాలనే ఎక్కడా ఆపలేదు. ముల్లు మధ్యలోకి వచ్చి కూర్చుంది, పైకి చేరేదాకా అక్కడే ఉంది. పైకి చేరాక పార్వతి చప్పట్లు కొట్టింది, వెనకవాళ్ళూ అందుకున్నారు. సాయంత్రం, ఆ మర్నాడు, ఆ వారమంతా డబ్బాలో పచ్చటి నీళ్ళు గీత మీదే నిలిచి ఉన్నాయి. ఎండాకాలం వచ్చినా అలాగే ఉన్నాయి.

హీటర్ లేకపోతే వచ్చే నష్టమేంటి, అలాగే వదిలెయ్యమని అప్పారావు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. విశాఖపట్నంలో పాత సామాన్లు అమ్మేచోట వెతికి, బాగున్నది తెప్పించి బిగించుకున్నాం. తడిసిన స్పాంజి అంతా తీసి ఎండబెట్టి వేశాం. ఇప్పుడు చలి పొద్దుల్లో బండిలో వెచ్చగా ఉంటుంది.

హీటర్ బాగుపడ్డాక ఆ చెయ్యి మళ్ళీ కనిపించలేదు. అద్దానికి మసక పట్టకపోతే చెయ్యి ఎలా కనిపిస్తుందని మీరు అడుగుతారు. నాకూ అదే అనిపించింది. అందుకే ఒక మంచు పొద్దున్న హీటర్ ఆపి, అద్దాలన్నీ ఎత్తేసి, బండిలో ఉన్న నలుగురు టీచర్లం ఊపిరి వదులుతూ కావాలనే మసక పట్టించాం. అద్దమంతా చక్కగా మసకేసింది. ఆ మూలన కూడా. చెయ్యి లేదు.

గాజు బిగించిన ఇద్దరినీ వెతుక్కుంటూ వెళ్ళి మాట్లాడాను. ఇద్దరివీ పెద్ద చేతులు, వేళ్ళన్నీ తిన్నగా ఉన్నాయి. మా ఇంట్లో, చుట్టాల్లో, మా బండి ఎక్కే వాళ్ళల్లో ఎడమ చిటికెన వేలు అలా ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. వేడిగాలి వచ్చే తీరువల్ల ఆ మూలన మసక పట్టకుండా ఏదో ఆకారం ఏర్పడిందని వాదించవచ్చు. నేను కూడా వాదించాను. అరచెయ్యంత ఆకారం దాకా ఆ వాదన సరిపోతుంది. వేళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఫోటో ఇంకా నా ఫోన్లో ఉంది. చూపిస్తే కొందరు చెయ్యి అంటారు, కొందరు మరక అంటారు. మా ఆయన మాత్రం దాన్ని తన ఫోన్లోకి కూడా పంపించుకున్నారు. దాని గురించి ఎప్పుడూ మాట్లాడరు.

లీకు ఎక్కడుందో కనిపెట్టింది నేనే. ఆ మాట ఎవరి ముందైనా తలెత్తుకుని చెబుతాను. పంపుతో ఎలా నిరూపించానో అడిగితే పూసగుచ్చినట్టు వివరిస్తాను. కానీ ఆ చలి పొద్దున్న నా చెయ్యి ఎక్కడ పెట్టాలో నాకెవరు చూపించారంటే, తెలియదు. మా అత్తగారు అని రాయడానికి నా చదువు ఒప్పుకోదు. కాదు అని రాయడానికి నా చెయ్యి రావడం లేదు.